సొరంగం వచ్చినా దిగిపోని వంతెన

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నడిబొడ్డున విక్టోరియా పార్కు నెత్తి మీదుగా పోయే మోటార్‌వే వయాడక్ట్‌ను కూల్చేయాలి. వీలు చూసుకుని ఎప్పుడో కాదు, ఫలానా సంవత్సరంలో కూలుస్తామని ముందే కాగితం మీద పెట్టి మరీ కూల్చాలి. ఈ కాంక్రీటు వంతెన 1962 నాటిది. దాని పక్కనే భూమి లోపల సొరంగం తవ్వి, 2012 మార్చి నాటికి పూర్తిగా వాడకంలోకి తెచ్చారు. సొరంగం వచ్చాక వంతెన దిగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అది దిగలేదు సరికదా, దాని మీద బండ్లు పోయే వరుసలను ఒక దిక్కుకే మళ్లించి కొత్త ఊపిరి పోశారు. పాతదాన్ని తీసేయడానికి కొత్తది కట్టడం వేరు, పాతదానికి తోడుగా కొత్తది కట్టడం వేరు. అక్కడ జరిగింది రెండోదే.

ఆ చోటి కథ తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. ఫ్రీమన్స్ బే ఒకప్పుడు నిజంగానే సముద్రపు పాయ. దాన్ని మట్టితో పూడ్చి నేల చేసి, 1905లో విక్టోరియా పార్కుగా జనానికి ఇచ్చారు. పార్కు మూలన ఉన్న రాబ్ రాయ్ హోటల్‌ను 1880లలో కట్టినప్పుడు అలలు దాని గుమ్మానికి దగ్గరలోనే తగిలేవి. 1959లో వైటెమాటా నౌకాశ్రయం మీద హార్బర్ వంతెన తెరిచారు. వంతెన దిగిన బండ్లు నగరంలోకి రావడానికి దారి కావాలి. దారి గీసేవారికి ఖాళీ మైదానం కంటే అనువైనదేముంది? ఇళ్లు కొనక్కర్లేదు, కోర్టుకెక్కే యజమాని లేడు. అలా పిల్లలు క్రికెట్ ఆడుకునే గడ్డి మీద స్తంభాలు లేచాయి. ఆ మోటార్‌వేల కాలంలో చనిపోయినవారినీ వదల్లేదు. సైమండ్స్ స్ట్రీట్ శ్మశానం నుంచి 4,000 మందికి పైగా అవశేషాలను తవ్వి వేరేచోటికి తరలించారు.

2009 చివర సొరంగం పని మొదలుపెట్టారు. దాదాపు 450 మీటర్ల పొడవు. పైనుంచి కందకం తవ్వి, గోడలు కట్టి, కప్పు వేసి, మీద మళ్లీ మట్టి పోసే పద్ధతి. దారికి అడ్డంగా ఉన్న ఆ పాత ఇటుకల హోటల్‌ను పడగొట్టకుండా, పునాదుల నుంచి పెకలించి 2010 ఆగస్టులో నలభై మీటర్లకు పైగా ఎగువకు జరిపారు. కప్పు పని అయ్యాక 2011లో తిరిగి దాని చోట దాన్ని నిలబెట్టారు. చూడ్డానికి వచ్చిన జనం నోరెళ్లబెట్టి ఉంటారు, తప్పులేదు. మొత్తం పథకానికి దాదాపు 34 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు అయింది. నూటపాతికేళ్ల హోటల్ మీద అంత శ్రద్ధ చూపినవారు, నూరేళ్లు దాటిన పార్కు మీద అంతకంటే తక్కువ శ్రద్ధ చూపడమే మాకు మింగుడుపడని సంగతి.

లెక్క ఎక్కడ తేడా కొట్టిందో చూడండి. సొరంగానికి ముందు వయాడక్ట్ మీద అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు వరుసలు. సొరంగం వచ్చాక ఉత్తరానికి పోయే మూడు వరుసలు భూమి కిందికి దిగాయి. పైన ఖాళీ అయిన జాగాను వదిలేయకుండా నాలుగు వరుసలనూ దక్షిణానికి పోయే బండ్లకిచ్చారు. నాలుగు కాస్తా ఏడయ్యాయి. పార్కును కాపాడే పథకమన్న మాటకు ఈ లెక్క సాక్ష్యం చెప్పదు. రోడ్డును వెడల్పు చేసే పథకంలో పార్కుకు పెద్దగా హాని జరగకుండా చూశారు, అంతవరకే దానికి దక్కాల్సిన మెప్పు. కింద గడ్డి పచ్చగా ఉంది. మీద లారీల రొద ఎప్పటిలాగే ఉంది.

కూల్చడం చేతకాక ఆగారా అంటే అదీ కాదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే అదే నగరంలో న్యూమార్కెట్ వయాడక్ట్‌ను మార్చారు. 1966 నాటి ఆ వంతెన భూకంపాలను తట్టుకునే నేటి ప్రమాణాలకు సరితూగదని తేల్చి, పక్కనే కొత్తది కట్టి, బండ్లను దాని మీదికి మళ్లించి, ఇళ్ల మధ్య, దుకాణాల మధ్య పాతదాన్ని ముక్క ముక్కగా విప్పి దించారు. మోటార్‌వే ఆగలేదు. అంటే నైపుణ్యం ఉంది, యంత్రాలున్నాయి, అనుభవమూ ఉంది. విక్టోరియా పార్కు దగ్గర లేనిదల్లా సంకల్పం.

సంకల్పం ఉంటే ఏమవుతుందో చూడాలంటే దేశం దాటనక్కర్లేదు. వెల్లింగ్టన్‌లో జాతీయ యుద్ధ స్మారకం ముందు నుంచి బకిల్ స్ట్రీట్ మీదుగా జాతీయ రహదారి పోయేది. 2015 ఏప్రిల్‌లో గాలిపోలి పోరాటానికి నూరేళ్లు నిండుతాయి, ఆ లోపు స్మారకం ముందు పార్కు ఉండాలి అనుకున్నారు. 2012లో అందుకోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. 130 మీటర్ల అర్రాస్ సొరంగంలోకి రోడ్డును దింపి 2014లో తెరిచారు. గడువుకు వారం ముందే మీద పుకెయాహు పార్కు సిద్ధమైంది. అక్కడ పని నడిపింది తేదీ. పక్కనే, మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన బేసిన్ రిజర్వ్ మైదానం అంచున ఫ్లైఓవర్ కడతామని రవాణా సంస్థ పట్టుబడితే, విచారణ మండలి 2014లో కుదరదంది. మరుసటి ఏడాది హైకోర్టూ ఆ తీర్పునే సమర్థించింది. ఒకసారి లేచిన పైవంతెనను దించడం ఎంత కష్టమో వెల్లింగ్టన్ వాళ్లు ఆక్లాండ్‌ను చూసే నేర్చుకున్నారేమో!

సొరంగమంటే కోట్లు మింగే బిలం అనేవారి మాటను తోసిపుచ్చలేం. బోస్టన్ నగరం తన పాత పైరహదారిని భూమి కిందికి దింపడానికి దాదాపు 1,500 కోట్ల అమెరికన్ డాలర్లు ఖర్చు పెట్టింది. అంతా అయ్యాక 2006లో సొరంగం కప్పు పలకలు ఊడి కారు మీద పడి ఒక మహిళ చనిపోయింది. సియాటెల్‌లో అలాస్కన్ వే వయాడక్ట్‌కు బదులుగా సొరంగం తవ్వుతున్న 'బెర్తా' యంత్రం 2013 డిసెంబరులో మొరాయించి రెండేళ్లు కదల్లేదు. సొరంగంలో గాలి ఆడాలి, నీరు తోడాలి, మంటలార్పే ఏర్పాట్లు ఉండాలి, రాత్రింబవళ్లు ఎవరో ఒకరు తెరలు చూస్తూ కూర్చోవాలి. సముద్రాన్ని పూడ్చిన నేలలోనైతే ఇదంతా ఇంకా కష్టం. 2023 జనవరి 27న ఒక్క సాయంత్రపు వాన ఆక్లాండ్‌ను ముంచి నలుగురి ప్రాణాలు తీసుకున్నాక పల్లపు సొరంగాల గురించి తేలిగ్గా మాట్లాడకూడదు కూడా.

ఇంకొక వాదన ఉంది, భూకంపం పేరు చెప్పి భయపెట్టేది. 1989లో అమెరికాలోని ఓక్లండ్‌లో సైప్రస్ వయాడక్ట్ కూలి 42 మంది చనిపోయారు. 1995లో కోబేలో హన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే పక్కకు ఒరిగిపోయింది. ఈ చిత్రాలు చూపించి ఆక్లాండ్ వయాడక్ట్‌ను కూల్చమనడం సులువే గానీ నిజాయతీ కాదు. న్యూజిలాండ్‌లో భూకంపాల బెడద తక్కువున్న నగరాల్లో ఆక్లాండ్ ఒకటి. మా వాదన భయం మీద నిలబడింది కాదు. నగరం మధ్య ఉన్న మైదానం ఎవరిది, దాని మీది ఆకాశం ఎవరిది అన్నదే ప్రశ్న.

సియాటెల్ నుంచి ఖర్చు పాఠం మాత్రమే నేర్చుకుంటే చాలదు. 2019 జనవరిలో అక్కడ పాత వయాడక్ట్‌ను మూసి, సొరంగం తెరవడానికి మధ్య మూడు వారాల ఎడం వచ్చింది. పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఊరు ఊరంతా స్తంభించిపోతుందని అందరూ గుండెలు చిక్కబట్టుకున్నారు. అలాంటిదేమీ జరగలేదు. జనం వేళలు మార్చుకున్నారు, బస్సెక్కారు, కొన్ని ప్రయాణాలు మానుకున్నారు. వరుసలు పెంచితే బండ్లు పెరుగుతాయని ఒప్పుకునేవారు, తగ్గిస్తే తగ్గుతాయన్న మాటకు మాత్రం తలాడించరు. ఆక్లాండ్‌లో 2008లో నార్తర్న్ బస్‌వే వచ్చాక ఉదయపు రద్దీలో హార్బర్ వంతెన దాటే జనంలో పెద్ద వాటా బస్సులదే అయింది. నాలుగు వరుసలూ ఎప్పటికీ అలాగే ఉండి తీరాలన్న వాదనకు అక్కడే బలం తగ్గింది.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణముంది. వైటెమాటాను దాటే రెండో దారి గురించి ఆ దేశంలో చాలాకాలంగా వాదన నలుగుతోంది. 2023 ఆగస్టులో అప్పటి ప్రధాని క్రిస్ హిప్కిన్స్ మూడేసి వరుసల జంట సొరంగాలు, వాటితోపాటు లైట్ రైల్‌కు మరో సొరంగం ప్రకటించారు. అంచనా 3,500 నుంచి 4,500 కోట్ల డాలర్లు. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, వంతెనా సొరంగమా అన్న పరిశీలన మళ్లీ మొదటికొచ్చింది. 2020 సెప్టెంబరులో ఈదురుగాలికి ఒక లారీ ఒరిగి హార్బర్ వంతెన దూలాన్ని గుద్దితే వారాలపాటు వరుసలు మూసి రాకపోకలకు తిప్పలు పడ్డ నగరం అది. రెండో దారి అవసరం లేదని మేం అనం. కానీ నీటి కింద లేదా నీటి మీద ఏం కట్టినా, దాని వెంబడే ఒడ్డున ఉన్న పాత వయాడక్ట్ భవిష్యత్తునూ తేల్చాలి. లేకపోతే 2012లో విక్టోరియా పార్కు దగ్గర చేసిన పనినే వంద రెట్ల ఖర్చుతో మళ్లీ చేసినట్టవుతుంది.

ఇదంతా ఎక్కడో దక్షిణ సముద్రాల గొడవ అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేను 2009లో తెరిచారు. మెహిదీపట్నం, అత్తాపూర్ వైపు ఇవాళ అడ్రసు చెప్పాలన్నా పిల్లర్ నంబరే. దుకాణం బోర్డు మీద, పెళ్లి శుభలేఖలో, డెలివరీ కుర్రాడితో ఫోన్లో అదే గుర్తు. ఆ స్తంభాలు ఎన్నేళ్లుంటాయి, తర్వాత ఏం చేస్తారు అని అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఏటా కొత్త ఫ్లైఓవర్ల శంకుస్థాపనలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి. అటు బెంగళూరు హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు వరకు సొరంగ మార్గం కావాలంటోంది. హెబ్బాళలో, సిల్క్ బోర్డులో ఇప్పటికే ఉన్న ఫ్లైఓవర్లలో ఒక్కటైనా దించుతారా అన్న మాట ఆ చర్చలో వినపడదు. పైన ఒకటి, కింద ఒకటి కట్టుకుంటూ పోవడానికి నగరం అంతస్తుల మేడ కాదు.

ఆక్లాండ్‌లో చేయాల్సింది స్పష్టం. దక్షిణానికి పోయే దారికి కూడా పార్కు కింద మూడు వరుసల సొరంగం తవ్వాలి. అప్పుడు కింద ఆరు వరుసలుంటాయి, 1962 నాటి నాలుగు కంటే రెండు ఎక్కువే. పైన ఒక్కటీ ఉండకూడదు. నౌకాశ్రయం దాటే రెండో దారికి నిధులు మంజూరు చేసే నిర్ణయంలోనే వయాడక్ట్ కూల్చివేతకు సంవత్సరం, దానికయ్యే ఖర్చు, ఖాళీ అయిన చోటు పార్కుకే చెందుతుందన్న షరతు రాయాలి. వెల్లింగ్టన్‌లో చేసినట్టు చట్టం చేస్తే ఇంకా మంచిది, తర్వాతి ప్రభుత్వం చల్లగా జారుకోవడానికి వీలుండదు. ఆ మూడూ లేని పథకం ఎంత గొప్ప సొరంగాన్ని చూపించినా ఆక్లాండ్ నగర మండలి దానికి సమ్మతి తెలపకూడదు.