ఆ 23 ఎక్కడిదో తెలుగులో అడగనివ్వండి

ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ బజారులో తెలుగు వినపడితే ఎవరూ తిరిగి చూడరు. బైలదిల్లా కొండల్లో ఎన్‌ఎండీసీ 1968లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలుపెట్టింది. ఖనిజం కోసం వేసిన కొత్తవలస రైలుమార్గం ఈ ఊరిని విశాఖ రేవుతో కలిపింది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం అంతా ఇంగ్లీషే.

అలాంటి పిల్ల పైథాన్‌లో రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రాం రాసిందనుకుందాం. 2, 3 ఇస్తే 5 రావాలి, 23 వస్తుంది. ‘ఇన్‌పుట్’ తెచ్చేది సంఖ్యను కాదు, అక్షరాలను. కూడమంటే వాటిని పక్కపక్కన అతికిస్తుంది. ‘ఇంట్’తో సంఖ్యలుగా మారిస్తే సరిపోతుంది. అయితే ఇక్కడ ఎర్రర్ రాదు. వస్తే ఆ లైను కాపీ చేసి వెతుక్కోవచ్చు. రానప్పుడు జరిగింది మాటల్లో చెప్పాలి. భాష అడ్డుపడేది సరిగ్గా అక్కడే.

2008లో మొదలైన ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రధాన వేదికలో ప్రశ్న ఇంగ్లీషులోనే ఉండాలి. స్పానిష్, పోర్చుగీసు, రష్యన్, జపనీస్ వాళ్లకు విడి వేదికలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 8 కోట్లమందికి పైగా మాట్లాడే తెలుగుకు లేదు. పైగా అక్కడ ఒకరు అడిగిన ప్రశ్న మరొకరు అడిగితే మూసేస్తారు. నిపుణులకు అది మంచి పద్ధతే, కొత్తవాళ్లకు మాత్రం మొహం మీద తలుపేసినట్టుంటుంది.

చాట్‌జీపీటీ తెలుగులో చెబుతుంది కదా అనొచ్చు. చెబుతుంది, మేలే. కానీ ఆ జవాబు అడిగినవాళ్ల ఫోన్‌లోనే ఉండిపోతుంది, తప్పుంటే సరిదిద్దే మరో మనిషి ఉండడు. తప్పులెక్కువని 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో అలాంటి జవాబులను నిషేధించింది కూడా. నలుగురిలో అడిగిన ప్రశ్న విశాఖలో ఇంకో పిల్లకీ పనికొస్తుంది.

అలా నలుగురిలో అడిగే వేదిక తెలుగులోనూ కావాలి. కోడ్ ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, వివరణ తెలుగులో రాయండి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నిలబెట్టింది స్వచ్ఛందంగా రాసినవాళ్లే. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కొలువుల్లోని తెలుగువాళ్లు వారానికి ఒక్క ప్రశ్నకు జవాబిచ్చినా చాలు. ఇంజనీరింగ్ కాలేజీలు అందుకు చోటు కల్పించాలి, అడిగిందే అడిగినా విసుక్కోకుండా చెప్పాలి.