కాలంలో జారిపడిన ఖోఖో జట్టు

ఈ మధ్య మన పిల్లలకి ఒక రకం కథల పిచ్చి పట్టుకుంది. జపాను నుంచి వచ్చే బొమ్మల కథలు. ఒక బడి, బడిలో ఒక ఆటల క్లబ్బు. పిల్లలు సాయంత్రం పూట సాధన చేస్తూ ఉంటారు. ఉన్నట్టుండి ఒక మెరుపో, భూకంపమో, కాదంటే ఒక పాడుబడ్డ బావో! కళ్లు తెరిచేసరికి నాలుగువందల ఏళ్లు వెనక్కి వెళ్లి, కోటలూ గుర్రాలూ సమురాయీలూ ఉన్న కాలంలో పడి ఉంటారు. ఇక చూడాలి వాళ్ల ప్రతాపం! నిన్నటిదాకా లెక్కల పరీక్ష గట్టెక్కని కుర్రాడు ఇవాళ ప్రభువుగారికి కుడిభుజం. బంతి సరిగ్గా విసరడం రానివాడు యుద్ధాలు గెలిపిస్తూంటాడు.

కథ కొత్తదేం కాదు. రుమికో తకహాషి అనే రచయిత్రి 1996లో మొదలుపెట్టిన ‘ఇనుయాషా’లో పదిహేనేళ్ల బడిపిల్ల తన ఇంటి గుడిబావిలో పడి ప్రభువుల యుద్ధాల కాలంలో తేలుతుంది. మనమేం తక్కువ తిన్నామా? 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’ తీసి, మనల్ని హాయిగా శ్రీకృష్ణదేవరాయల సభకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఇంటిల్లిపాదీ చూసి సంతోషించాం. కథని కథగా చూసి ఆనందించడానికి నాకేం అభ్యంతరం లేదు.

నా తగాదా ఇంకోచోట ఉంది. ఈ వెనక్కి వెళ్లినవాళ్లంతా ఎప్పుడూ కోటలోనే ఎందుకు పడతారు? ఒక్కరైనా వరిమడిలో పడరేం? ప్రభువుగారి వంటింట్లో, గిన్నెలు తోమేచోట పడరేం? పిల్లలు ఆ కోటని చూసి ‘అబ్బ, ఆ రోజులే వేరు’ అంటూంటే, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ‘అవునర్రా, పాతకాలంలో క్రమశిక్షణ ఉండేది, పెద్దలంటే భయం ఉండేది’ అని వంత పాడటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పాతకాలం ఎలాంటిదో కాస్త విప్పి చూద్దాం. తొకుగావా వంశం జపానుని 1603 నుంచి సుమారు రెండువందల అరవై అయిదేళ్లు ఏలింది. ఆ దేశంలో సమురాయీలు నూటికి పదిమంది కూడా లేరు. అంటే మీరు కళ్లు మూసుకుని ఆ కాలంలోకి దూకితే, పదింట తొమ్మిదిసార్లు రైతు ఇంట్లోనో కూలి ఇంట్లోనో పడతారన్నమాట. రైతు చేతిలో కత్తి ఉండటానికి వీల్లేదని 1588లోనే హిదెయోషి ఊరూరా కత్తులు ఏరించేశాడు. పండిన ధాన్యంలో పదింట నాలుగు పాళ్లు ప్రభువుకి, ఒక్కోచోట సగానికి సగం. సామాన్యుడు అమర్యాదగా ప్రవర్తించాడనిపిస్తే అక్కడికక్కడే నరికే హక్కు సమురాయీకి ఉండేది.

మరి ఆడవాళ్లో? చిన్నప్పుడు తండ్రి మాట, పెళ్లయ్యాక మొగుడి మాట, ముసలితనంలో కొడుకు మాట వినాలని నేర్పే ‘ఒన్నా దైగాకు’ అనే నీతిపుస్తకం ఇంటింటా చదివించారు. ఎక్కడో విన్నట్టుంది కదూ? సముద్రాలు దాటినా నీతులు మాత్రం మారలేదు! పెళ్లయిన ఇల్లాలు పళ్లకి నల్లరంగు పూసుకోవడం అక్కడ ముత్తయిదువ లక్షణం. మన కథల బడిపిల్ల నిజంగానే అక్కడ పడి ఉంటే, విల్లంబులు పట్టే మాట తర్వాత, ముందు పళ్లు నల్లబడేవి.

సరే, జపాను మనకెందుకు? మన వికారాబాదు నుంచే ఒక ఖోఖో జట్టుని బయల్దేరదీద్దాం. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు. కాళ్లకి కాన్వాసు బూట్లు, వీపు మీద అంకెలు. తాండూరులో పోటీలు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కారు. ఈ రైలుమార్గం 1874లో పడింది కాబట్టి మన కథకి పాడుబడ్డ బావి అక్కర్లేదు. రైలు అదే, పట్టాలు అవే, దిగేసరికి కాలం మాత్రం 1940.

స్టేషనులో బోర్డు మీద ఉర్దూ. పిల్లలు గాంధీగారి బొమ్మ ఉన్న నోటు ఇచ్చి చాయ్ అడిగితే, ‘గిదేం కాగితం? హాలీ సిక్కా తెండ్రి’ అన్నాడు దుకాణంవాడు. బయట మైదానం కోసం వెదుకుతూంటే ఒక ముసలమ్మ ఎదురై, బూట్ల వంక, పొట్టి లాగుల వంక బిత్తరపోయి చూసింది.

“ఎవల బిడ్డలే మీరు? గీ ఈడుకొచ్చినా ఇంకా లగ్గం కాలేదా?”

“పోటీలున్నయ్ అవ్వా. ఖోఖో ఆడనీకి వచ్చినం.”

“ఆడనీకా! ముందుగాల ఆ కాళ్లవి ఇడువుండ్రి. దొర గడీ ముంగట్నుంచి పోవాలె.”

చూశారా, అన్నిటికన్నా ముందు పోయింది బూట్లు! ఇది నవ్వులాటకి రాసింది కాదు. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచినవాళ్ల మనవళ్లూ మనవరాళ్లూ ఇవాళ మన మధ్యనే ఉన్నారు. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ ఎవరైనా సరే, దొర ఇంటికి కూలి లేకుండా వెట్టి చేయాలి. బాలింత అయినా పిల్లని చెట్టుకొమ్మకి ఉయ్యాల కట్టి, దొర పొలంలో నాటు వేయాలి. దొర కూతురికి పెళ్లయితే పట్టుచీరలతో, వెండిగిన్నెలతో పాటు ఒక ఆడపిల్లని కూడా అత్తారింటికి పంపేవారు. ఆ పిల్లని ‘ఆడబాప’ అనేవారు. ఆమెకి పెళ్లి లేదు, ఇల్లు లేదు, ఒళ్లు కూడా తనది కాదు. మన ఖోఖో జట్టులో తొమ్మిదిమంది ఉన్నారే, గడీ గుమ్మంలో ఎంతమంది మిగులుతారో మీరే లెక్క వేయండి.

వికారాబాదు అన్న పేరే ఆ కాలపు ముద్ర. ఫలక్‌నుమా మహలు కట్టించిన పైగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలిసిన ఊరు అది. జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో. అంటే మన ప్రభువుల కాలం నాలుగువందల ఏళ్ల వెనక లేదమ్మా, ఇంట్లో మూలమంచం మీద కూర్చున్న అమ్మమ్మని అడిగితే చెప్పేంత దగ్గర్లో ఉంది. జపానులో 1871లోనే ప్రభువుల సంస్థానాలు పోయాయి. సమురాయీలు నడుముకి కత్తి కట్టుకు తిరగరాదని 1876లో శాసనం వచ్చింది. ఆ లెక్కన వాళ్లకన్నా మనం డెబ్బయ్యేళ్లకి పైగా ఆలస్యం. జపాను కోటలు చూసి మురిసిపోయే పిల్లలకి, అనంతగిరి కొండ కింద మన సొంత ఊళ్లో అమ్మమ్మల నాయనమ్మలు ఎలా బతికారో ఒక్క ముక్క చెప్పని మనల్ని ఏమనాలి?

‘ఉత్త కథలే కదమ్మా, వాటివల్ల పిల్లలకి పౌరుషం వస్తుంది, ఆటల్లో పట్టుదల వస్తుంది’ అనేవాళ్లున్నారు. ఈ మాటకీ జవాబు జపానే చెప్పింది. ఇవాళ ప్రపంచమంతా ఆడే జూడోని కానో జిగొరో మొదలుపెట్టింది 1882లో, ప్రభువుల కాలం పోయాక. కత్తి పోయాకే అక్కడ సాము ఆట అయింది. ఎవరి కొడుకైనా నేర్చుకోగల విద్య అయింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుని ఓడించి వాలీబాలులో బంగారుపతకం కొట్టిన జపాను ఆడపిల్లల్లో చాలామంది ఎవరనుకున్నారు? సమురాయీల మనవరాళ్లని కాదు వాళ్లని ఎంచుకుంది. బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయిలు! పగలు పని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సాధన. పట్టుదల అంటే అదీ. దానికి ఏ ప్రభువూ అక్కర్లేదు.

ప్రభువుల కాలపు వాసన ఆటలో మిగిలిపోతే ఏమవుతుందో కూడా అక్కడే చూడొచ్చు. 2018 ఏప్రిల్‌లో మైజురు అనే ఊళ్లో సుమో కుస్తీల వేడుక. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ ఊరి మేయరు కుస్తీ బరిలోనే కుప్పకూలిపోయాడు. చూస్తున్న ఆడవాళ్లు కొందరు పరుగున వెళ్లి గుండె నొక్కి ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చేస్తూంటే, ‘ఆడవాళ్లు బరి దిగండి’ అని మైకులో ప్రకటన! బరిలో ఆడది అడుగుపెడితే మైల అని పాత ఆచారం. తర్వాత సుమో సంఘం క్షమాపణ చెప్పుకుంది, నిజమే. కాని ప్రాణం పోతున్నచోట కూడా మైల ముందు గుర్తొచ్చిందే, అదీ మనం గమనించాల్సింది.

‘ఛీ, ఎంత అన్యాయం’ అంటున్నారు కదూ? కాస్త ఆగండి. అసలు మాటకి ఇప్పుడొస్తున్నాను.

ఆడపిల్లని పాతకాలంలోకి తోయడానికి మెరుపులూ బావులూ అక్కర్లేదు. మనం చాలు. ఎనిమిదో తరగతిలో పిల్ల పెద్దమనిషవుతుంది. ‘ఇంక ఆ గెంతులు చాలు’ అంటాం. ఎండలో ఆడితే ‘నల్లబడిపోతావే, రేపు సంబంధాలెలా వస్తాయి’ అంటాం. నెలసరి వచ్చిన మూడురోజులు మైదానమే కాదు, ఇంట్లో సగం గదులు కూడా నిషేధం. మైజురులో మైకు పట్టుకున్నవాడికీ మనకీ తేడా ఏమిటో చెప్పండి. అన్నయ్య క్రికెట్టు బ్యాటుకి డబ్బులుంటాయి, చెల్లెలి బూట్లకి ‘వచ్చే ఏడు చూద్దాం’. తొమ్మిదో తరగతికొచ్చేసరికి డ్రిల్లు పీరియడు లెక్కల మాష్టారు పట్టుకుపోతారు, మనం ‘మంచిపనే అయింది’ అనుకుంటాం. పదో తరగతికి జట్టులో తొమ్మిదిమందిలో నలుగురు మిగిలితే గొప్ప. మిగతా అయిదుగురు ఏ కాలంలో జారిపడ్డారో ఎవరూ వెదకరు, ఎందుకంటే వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

మీ భయాలు నాకు తెలియనివి కావు. సాయంత్రం ఆలస్యమైతే దారిలో ఏమవుతుందో అని గుండె కొట్టుకుంటుంది. బళ్లో మరుగుదొడ్డి సరిగా ఉండదు. మైదానం ఉండాల్సిన చోట ముళ్లపొదలుంటాయి. ఇవన్నీ నిజాలే. కాని వీటికి మందు పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడమా? దారి బాగుండకపోతే దారి బాగుచేయమని అడగాలి గాని, నడిచే కాళ్లని కట్టేస్తామా? ప్రతి బడికీ ఆటస్థలం ఉండి తీరాలని 2009 విద్యాహక్కు చట్టమే రాసింది. ఇది మన కోరిక కాదు, చట్టం. తాండూరు బండలు ఊరూరా ఇళ్లకి పరుస్తున్నాం కదా, తాండూరు కందిపప్పుకి 2022లో దేశమంతా గుర్తింపు వచ్చిందని గర్వపడుతున్నాం కదా, అదే నేల మీద ఆడపిల్ల పరిగెత్తడానికి జానెడు చోటు అడగలేమా?

అడిగి సంపాదించినచోట ఏం జరిగిందో కూడా చూశాం. నిజామాబాదు జిల్లా పాకాల అనే పల్లె నుంచి వచ్చిన గురుకుల పాఠశాల పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. వరంగల్లు దగ్గర కల్లెడలో కూలిపని చేసుకునేవాళ్ల బిడ్డ జీవంజి దీప్తి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అని ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు. 2024 మేలో ఆమె 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి దివ్యాంగుల ప్రపంచ పోటీల్లో తన విభాగంలో ప్రపంచ రికార్డుతో బంగారుపతకం తెచ్చింది. ఎక్కడనుకున్నారు? జపానులోని కోబెలో! 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖోకి మొదటి ప్రపంచకప్పు జరిగితే మన దేశపు ఆడపిల్లలే గెలిచారు. మనం ‘గెంతులు’ అని కొట్టిపారేసిన ఆటే అది.

దీప్తి జపాను వెళ్లడానికి బావిలో దూకలేదు. ఎవరో ఒక మాష్టారు ఆమె పరుగు చూశారు, ఇంట్లోవాళ్లు పంపించారు, ఆమె పరిగెత్తింది. పిల్లలు కథలు చదువుకోనివ్వండి, సమురాయీల బొమ్మలు గీసుకోనివ్వండి. కాకపోతే పక్కన కూర్చుని, ‘అక్కడ పడితే నువ్వు ఎవరింట్లో పడతావే అమ్మా?’ అని ఒక్కమాట అడగండి. ఆ తర్వాత బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి మీరు వెళ్లండి, ఆయన్ని పంపకండి. మార్కుల సంగతి అందరూ అడుగుతారు. మీరు మాత్రం లేచి నిలబడి, ‘మా పిల్ల డ్రిల్లు పీరియడు ఎవరు పట్టుకెళ్లారండీ?’ అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.