మాటను ఒంటరిగా నేర్పితే చాలదు

ఇంగ్లిష్‌లో నిదానాన్ని చెప్పాలంటే మన విద్యార్థుల నోట సాధారణంగా ఒక్క మాటే వస్తుంది: స్లో. బస్సు స్లో, నెట్ స్లో, వ్యాపారమూ స్లోనే. అది తప్పు కాదు గానీ అన్నిచోట్లా సరిపోదు. ఆర్థిక వ్యవస్థ మందగిస్తే ‘స్లగ్గిష్ ఎకానమీ’, తీరిగ్గా నడిస్తే ‘లీజర్లీ వాక్’, రోగి కొద్దికొద్దిగా కోలుకుంటే ‘గ్రాడ్యువల్ ఇంప్రూవ్‌మెంట్’ అంటారు. విసుగెత్తించే జాప్యమైతే ‘పెయిన్‌ఫుల్లీ స్లో’. ‘లీజర్లీ ఎకానమీ’ అని రాస్తే వ్యాకరణ దోషం లేదు, అయినా చదివేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే బడిలో మాటను దాని జతతో కలిపి నేర్పాలి.

ఈ పట్టింపు ఇంగ్లిష్‌కు మాత్రమే ఉన్నది కాదు. తెలుగులో పోలింగ్ మందకొడిగా సాగుతుంది, ప్రాజెక్టు పనులు నత్తనడకన నడుస్తాయి, పెద్దాయన తాపీగా కాఫీ తాగుతాడు. ఆయన మందకొడిగా కాఫీ తాగాడని ఎవరూ అనరు. నత్తనడకలో ఫిర్యాదు ఉంది, తాపీలో తీరిక ఉంది. ఈ తేడాలు మనకు నిఘంటువు చూసి రాలేదు, జంటలుగా వినడం వల్ల అబ్బాయి. మాట అర్థంలో కొంత దాని పక్కన చేరే మాటల నుంచే వస్తుందని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1950లలోనే వాదించారు. అంతకుముందే, 1933లో, జపాన్‌లో పనిచేస్తున్న హెరాల్డ్ పామర్ ఇలాంటి పదబంధాలపై నివేదిక వెలువరించారు. ఆక్స్‌ఫర్డ్ వీటికోసమే 2002లో ప్రత్యేక నిఘంటువు తెచ్చింది. మన తరగతుల్లో చాలాచోట్ల మాత్రం ఇప్పటికీ పాఠం చివర ‘మీనింగ్స్’ జాబితాయే దిక్కు. అందులో స్లో, స్లగ్గిష్, గ్రాడ్యువల్ మూడింటికీ ‘నెమ్మది’ అనే రాసుకుంటే వాటి మధ్య తేడా అక్కడే పోతుంది.

జంటలు నేర్పితే బట్టీ పెరుగుతుందని కొందరు ఉపాధ్యాయులు అనవచ్చు. బట్టీ ఇప్పుడూ ఉంది. ఒంటి మాటలు ఇరవై వల్లించే బదులు ఐదు మాటలను జతలతో, వాక్యాల్లో నేర్చుకుంటే అవి రాతలో పనికొస్తాయి. భారతీయ ఇంగ్లిష్‌కు తనదైన తీరు ఉంది కదా, పరాయివాళ్ల పలుకుబడి మనకెందుకు అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. మనం పుట్టించిన ప్రయోగాలను చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ కావాలని వేరుగా రాయడం ఒకటి, తెలియక రాయడం మరొకటి. పైగా ఇది సొగసుకు సంబంధించిన విషయమే కాదు. స్లో పక్కన ‘స్టెడీ’ చేరితే మెచ్చుకోలు, ‘లర్నర్’ చేరితే పసివాడి నుదుట ముద్ర. ఈ తేడా పిల్లలకే కాదు, ఆ ముద్ర వేసే పెద్దలకూ తెలియాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియం బాట పట్టాయి. ఇంట్లో ఇంగ్లిష్ వినపడని పిల్లలకు ఈ జంటలు నేర్చుకునే చోటు తరగతి గది ఒక్కటే. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీలు ప్రతి కొత్త మాట పక్కన దానితో తరచుగా కలిసే రెండు మూడు మాటలనూ అచ్చువేయాలి. ప్రశ్నపత్రాలు వాటినే అడగాలి.