వేలెడు చేప మీటరు దాటుతుంది

సంపాదకులకు,

గత సంచికలోని అక్వేరియం వ్యాసం కొత్తగా చేపలు పెంచేవారికి రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌ను సిఫారసు చేసింది. అందమైనదే, కాదనలేం: నల్లని వీపు, పక్కన తెల్లని పట్టీ, ఎర్రటి తోక. దుకాణంలో వేలెడంతే ఉంటుంది.

కానీ అది అమెజాన్, ఒరినోకో నదుల అడుగున తిరిగే వేటచేప. మీటరు దాటి పెరుగుతుంది. నాలుగడుగుల తొట్టిలో వెనక్కి తిరగడానికే చోటు చాలదు. పగలంతా మీసాలు ఇసుకకు ఆనించి పడుకుంటుంది. రాత్రి లైటు ఆర్పగానే నోట పట్టే గోల్డ్‌ఫిష్‌ను అమాంతం మింగేస్తుంది. ఒక్కోసారి గులకరాళ్లనూ వదలదు! వ్యాసకర్త ఇవేవీ చెప్పలేదేం?

పెంచలేక చెరువులో వదిలేసేవారూ ఉంటారు. అక్వేరియం వ్యాపారంతో మన దేశానికొచ్చిన దెయ్యం చేప ఆంధ్ర చెరువుల్లో ఇప్పటికే వలలు చింపుతోంది. రెడ్‌టెయిల్‌ను కొన్నవారు దయచేసి దాన్ని దుకాణానికే తిరిగి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలకండి.

— ఒక పాఠకుడు, కాకినాడ