బోర్డు చూసి బడి, అఫ్వా విని అడ్మిషన్



మొన్న జుమా తర్వాత కర్నూలు నుంచి ఒక భాయ్ ఫోన్ చేశారు. ఆయనకు విజయనగరం ట్రాన్స్‌ఫర్ అయింది. ఖైరియత్ అడిగారు, అద్దె ఇళ్ళ సంగతి అడిగారు, బాబామెట్ట వైపు మనవాళ్ళున్నారా అని అడిగారు, మటన్ రేటు కూడా అడిగారు. చివర్లో అసలు మాట: "భాయ్, బచ్చోఁ కే లియే అచ్ఛా స్కూల్ కౌన్సా? గవర్నమెంట్ స్కూల్ తప్ప ఏదైనా చెప్పండి."

ఆ "తప్ప" మీదే నా ఝగడా.

ఖసాయి దగ్గర నిలబడి ఇది తొడా, చాపా, కొవ్వెంత, ఎముకెంత అని పది సవాళ్ళు వేసి గానీ అరకిలో మటన్ కొనం మనం. రిష్తా వస్తే మూడు తరాల తహ్‌ఖీఖ్ చేస్తాం. పిల్లల తాలీమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోపల అడుగు పెట్టకుండానే ఫైసలా ఇచ్చేస్తాం. గేటు మీద ఇంగ్లీషు బోర్డు, పిల్లాడి మెడలో టై ఉంటే అది బడి. సర్కారీ అయితే కాదు. ఖబర్ వస్తే ముందు తహ్‌ఖీఖ్ చేసుకోమని సూరహ్ హుజురాత్ మీద ఖుత్బాలు విన్నవాళ్ళమే. బడి గురించిన ఖబర్‌కి అది వర్తించదని ఎవరు చెప్పారో నాకు తెలీదు.

నేనేదో పాక్ సాఫ్ మనిషినని అనుకోకండి. 2022 జూన్‌లో కడప నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు నేను చేసిందీ ఇదే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో, అదీ మున్సిపల్ బడిలో చదివినవాణ్ణి. ఆ బడి పెట్టిన భిక్షతోనే తర్వాత తెలుగు డిగ్రీ చేసి, ఈ రోజు తెలుగులో రాసి రోటీ తింటున్నాను. అయినా నా కూతురు ఆరో తరగతికి, కొడుకు రెండో తరగతికి వచ్చేసరికి సర్కారీ బడి పేరెత్తడానికి నాకే సిగ్గేసింది. ముగ్గుర్ని అడిగాను. ఇంటి ఓనరు, టీ కొట్టాయన, జమాత్‌లో ఒక పెద్దాయన. ముగ్గురి గవాహీ ఒక్కటే: "అక్కడ చదువుండదు." మా వీధి చివరి ఆ బడి గేటు ముగ్గురిలో ఒక్కరూ దాటలేదని తర్వాత తెలిసింది. వాళ్ళ పిల్లలూ మనవలూ అక్కడ చదవలేదు. కళ్ళతో చూడని గవాహీని ఏ ఖాజీ ఒప్పుకుంటాడు? నేను ఒప్పుకున్నాను. అప్పు చేసి ఫీజు కట్టి ఒక ప్రైవేటు బడిలో వేశాను.

ఆ సంవత్సరం నా కూతురి నోటు పుస్తకాలు చూస్తే ముచ్చటేసేది. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీలో ఎర్ర టిక్కులు. డిసెంబరులో ఒక రాత్రి భిన్నాల లెక్క ఒకటి అడిగాను. నోట్సులో ఉన్నదే, ఒక్క అంకె మార్చి. పిల్ల నా ముఖంలోకి చూసి, "అబ్బా, యే వాలా సార్ నే లిఖాయా నహీఁ" అంది. సార్ రాయించలేదట. అంటే ఆరు నెలలుగా బోర్డు మీదది పుస్తకంలోకి దించుతోందన్నమాట. ఆ ఏడాది లెక్కల సార్లు ముగ్గురు మారారు. ఏ ఒక్కరూ పిల్లలు ఏం నేర్చారో చూసే దాకా నిలవలేదు. నేను ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలు పెడుతూ కూర్చున్నాను.

విజయనగరంలో ఉంటూ గిరీశాన్ని తలుచుకోకపోతే ఎలా? గురజాడ ఈ ఊళ్ళోనే కూర్చుని, వెంకటేశానికి ఇంగ్లీషు చదువు చెబుతున్నానంటూ ఆ ఇంటిని ఏమార్చిన మనిషిని సృష్టించారు. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. కొడుక్కి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయని మురిసిపోయిన ఆ తల్లికీ, టై కట్టిన కొడుకును చూసి మాషాఅల్లాహ్ అనుకున్న నాకూ ఫరక్ ఏముంది? ఆమెకు చదువు లేదు, నాకు ఉంది. అంతే, కాబట్టి తప్పు నాదే ఎక్కువ.

సర్కారీ బడిలోకి నేను మొదట వెళ్ళింది తండ్రిగా కాదు, మధ్యాహ్న భోజనం మీద వార్త రాయడానికి. వంట చేసే ఆమె "ఏటి బాబూ, ఇలగొచ్చారు?" అని పలకరించి, అన్నం ఎలా ఉందో నన్నే తిని చెప్పమంది. (హలాల్ ఫిక్ర్ ఉన్నవాళ్ళ కోసం: పిల్లలకు పెట్టేది గుడ్డే, మాంసం కాదు.) తిన్నాక రెండో తరగతిలో కూర్చున్నాను. పాఠం కాని పేజీ ఒకటి తీసి ఒక పిల్లాణ్ణి చదవమన్నాను. తడబడుతూ చదివాడు. అర్థం అడిగితే వాళ్ళ ఊరి మాటల్లో చెప్పాడు. అదే వారం అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో మరో సర్కారీ బడికి వెళ్ళాను. ఐదు తరగతులకు ఒక్కరే టీచరు, ఆమె కూడా ఫోన్‌లో యాప్‌కి ఫోటోలు ఎక్కిస్తోంది. ఒక మూల పిల్లలు పలకలు కొట్టుకుంటున్నారు. ఈ రెండు బడులకీ సర్కారు ఒకటే, పుస్తకాలు ఒకటే. అందుకే "గవర్నమెంట్ స్కూల్ ఎలా ఉంటుంది" అన్న సవాలే గలత్. ఈ బడి, ఈ సంవత్సరం ఎలా ఉంది అని అడగాలి.

అడగడానికి పెద్ద ఇల్మ్ అక్కర్లేదు. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అది కొడితే పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని అన్నది ఫోన్‌లోనే వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం లెక్క కూడా తేలికే. ప్రాథమిక బడిలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు, నూట ఇరవై దాకా నలుగురు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకూ ముప్పై అయిదు మందికి ఒకరు, అందులో సైన్సు-లెక్కలకు, సోషల్‌కు, భాషలకు వేరువేరుగా. అయితే కాగితం మీద టీచరు వేరు, క్లాసులో టీచరు వేరు. అందుకని పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడండి. ఎవరు ఎప్పుడొస్తున్నారో కళ్ళతో చూడండి. లోపలికి వెళ్ళి రెండో తరగతి పిల్లాడితో ఒక పేజీ, అయిదో తరగతి పిల్లతో ఒక భాగహారం చేయించండి. ఒక్క పూట పని.

రంగులు చూసి మోసపోకండి. 2019 నవంబరు 14న నాడు-నేడు మొదలయ్యాక చాలా బడులు కళకళలాడుతున్నాయి, మంచిదే. కానీ రంగు లెక్కలు చెప్పదు. ఆడపిల్లల వాలిదైన్ మాత్రం బాత్రూమ్ తప్పకుండా చూడాలి. తలుపుకి గడియ ఉందా, కుళాయిలో నీళ్ళున్నాయా, బయట తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది? మన బేటీలు ఎంతమంది ఏడో తరగతిలోనే ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో మన ఇళ్ళల్లోనే అమ్మీలను అడగండి. జవాబు ఆ తాళంచెవి దగ్గర దొరకవచ్చు.

ఇక రిజల్ట్ పిచ్చి. ఏప్రిల్ వస్తే ఊరంతా పిల్లల ఫోటోల ఫ్లెక్సీలు. పదో తరగతి ఉత్తీర్ణతలో 2023, 2024, 2025, వరుసగా మూడేళ్ళు రాష్ట్రంలో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? పార్వతీపురం మన్యం జిల్లాది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కొండ ప్రాంతాలు తీసి 2022 ఏప్రిల్‌లో చేసిన జిల్లా అది. గిరిజన ఆశ్రమ పాఠశాలలు ఎక్కువగా ఉన్న చోటు. 2025లో అక్కడ 93.90 శాతం. ఫ్లెక్సీలు చూసి చదువు ఎక్కడుందో తేల్చేవాళ్ళు ఎప్పుడైనా అటు చూశారా? అయితే ఈ అంకెను కూడా తాయెత్తులా కట్టుకోవద్దంటాను. అదే 2025లో ఆఖరి స్థానంలో ఉన్నదీ గిరిజన జిల్లానే, 47.64 శాతంతో అల్లూరి సీతారామరాజు జిల్లా. శాతం పరీక్ష గురించి చెబుతుంది. మీ పిల్ల రోజూ కూర్చునే గది గురించి చెప్పదు.

మన మజ్లిసుల్లో వినపడే పెద్ద ఎతిరాజ్ ఇంకొకటుంది: "సర్కారీ బడిలో ఉర్దూ లేదు కదా." సాహెబ్, మీరు పంపుతున్న కాన్వెంటులో ఉందా? కొన్నిచోట్ల తెలుగు మాట్లాడితేనే జుర్మానా. ఉర్దూ పేరు చెప్పి సర్కారీ బడిని వదిలి, ఉర్దూ లేని బడికి డబ్బు కట్టడం ఏ హిసాబ్? ఈ రెండు జిల్లాల్లో మనం నూటికి ఒక్కరం కూడా లేం. శ్రీకాకుళంలో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు పదిహేడో శతాబ్దం నుంచీ నిలబడే ఉంది గానీ, మా వీధి బడిలో ఉర్దూ అక్షరం లేదు. బాధ లేదా అంటే, ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన తండ్రిగా నాకు చాలా ఉంది. 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించే ప్రయత్నం చేయమంది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. అడగడం మన హక్. కానీ బడిలో పిల్లలను పెట్టి, కమిటీలో కూర్చుని అడిగితేనే ఆ సవాలుకి బరువు. బయట నిలబడి అడిగేవాడికి ఎవరు జవాబిస్తారు? శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లల కోసం వాళ్ళ భాష తాను నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. తనది కాని భాష కోసం ఆయన అంత చేస్తే, మన భాష కోసం మగ్రిబ్ తర్వాత అరగంట ఇంట్లో కూర్చోవడానికి మనకు తీరిక లేదు. ఆ అరగంట నేను ఇప్పుడు కూర్చుంటున్నాను. ఆలస్యంగానే.

2023 జూన్‌లో పిల్లలిద్దర్నీ ఆ సర్కారీ బడులకి మార్చాను. పాత బడివాళ్ళు టీసీ కోసం తిప్పించారు. చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని కొత్త బడి పిల్లను ఆపకూడదు, ఆపలేదు కూడా. ఉద్యోగం మారి వచ్చేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. మొదటి రోజు తెలుగు టీచరమ్మ నా కూతుర్ని పిలిచి, పేరులో ఉన్నది "క" నా "ఖ" నా అని అడిగి, రెండుసార్లు పలికి, అప్పుడు రిజిస్టరులో రాసింది. క్లాసులో మా అమ్మాయి ఒక్కతే ముసల్మాన్. ప్రైవేటు బడిలోనూ ఒక్కతే. అక్కడ ఏడాదంతా ఆమె పేరు తప్పుగానే పిలిచారు.

ఝూట్ చెప్పను, అంతా హరా భరాగా లేదు. ఎనిమిదో తరగతి సగంలో లెక్కల మాస్టారు బదిలీ అయ్యారు. ఆ పోస్టు దాదాపు ఏడాది ఖాళీ. ఇది ఆ బడి తప్పు కాదు, హుకూమత్ తప్పు. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ టీచర్లను తీసుకోవడానికి 2025 దాకా ఆగారు, అప్పుడొచ్చింది 16,347 పోస్టుల మెగా డీఎస్సీ. మధ్యలో 117 జీవో అంటూ చిన్న తరగతులను పీకి హైస్కూళ్ళలో కలిపారు, తర్వాత అదే జీవోను రద్దు చేశారు. ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని పొగిడే షౌఖ్ నాకు లేదు. పోయింది మాత్రం పిల్లల కాలం, అందులో నా కూతురిదీ ఉంది.

మా బేగమ్ తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలైంది. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు వాలిదైన్, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బురఖా వేసుకుని మొదటి మీటింగుకు వెళ్ళినప్పుడు అందరూ తిరిగి చూశారట. మూడో మీటింగుకు, ఖాళీ పోస్టు మీద అర్జీ రాసే పని ఆమెకే అప్పగించారు. అర్జీ నాలుగుసార్లు ఇచ్చారు. జవాబు రాలేదు. కొత్త డీఎస్సీలో వచ్చిన కుర్రాడు చేరేదాకా సైన్సు టీచరే లెక్కలు కూడా చెప్పింది. ఇప్పుడు నా కూతురు భిన్నాల లెక్క అంకె మార్చి ఇచ్చినా చేస్తుంది. బీజగణితంలో ఆ ఖాళీ ఏడాది గుంత ఇంకా ఉంది, ఆదివారాలు పూడుస్తున్నాం.

కర్నూలు భాయ్‌కి బడి పేరు చెప్పలేదు. నా మాట కూడా ఆయనకు అఫ్వా కిందే లెక్క కదా. ఇల్లు తీసుకునే ముందే ఒక రోజు సెలవు పెట్టి రమ్మన్నాను. గంటస్తంభం దగ్గర చాయ్ తాగి, మూడు బడులకు వెళ్దాం, రెండు సర్కారీ, ఒకటి ప్రైవేటు, మూడింటికీ అవే సవాళ్ళు వేద్దాం అన్నాను. కాసేపు ఆగి, "లోపలికి రానిస్తారా?" అన్నారు. సర్కారీ బడిలో రానిచ్చారు భాయ్, ప్రైవేటులో ఆఫీసు రూము దాటనివ్వలేదు, ఈసారి చూద్దాం అన్నాను. వచ్చే సోమవారం వస్తున్నారు, ఇన్షాఅల్లాహ్.