సూది మందుకు తొందరెందుకు?

విద్యార్థులారా! మన ఇచ్చోడ ప్రాంతంలో పత్తి చేలకు పోయేవారిలో కాలికి తుమ్మముల్లు గుచ్చుకోనివారు అరుదు. మరునాటికి ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. "ఒక్క సూది వేయించుకో, పోతుంది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ సూదిలో ఏ మందు ఉందని ఎందరు అడుగుతారు? తప్పక అడగాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముల్లుతో పాటు బాక్టీరియాలు లోపలికి పోతాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని పసిగడతాయి. వాపు తెప్పించే సంకేతాలను కణం చాలావరకు ముందుగా నిలవ చేసుకోదు. వాటి జన్యువులు కేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో ఉంటాయి. అవసరం వచ్చినప్పుడే కణం వాటికి ఆర్.ఎన్.ఎ. నకలు తీస్తుంది. దీనినే అనులేఖనం అంటారు. ఆ నకలును బట్టి మాంసకృత్తులు తయారవుతాయి.

మరి నకలు తీయమని ఆజ్ఞ ఇచ్చేదెవరు? 1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అనే శాస్త్రజ్ఞులు ఎన్.ఎఫ్. కప్పా-బి అనే మాంసకృత్తిని కనుగొన్నారు. మామూలు సమయంలో ఇది పలుపుతో కట్టేసిన ఎద్దులాగా కేంద్రకం బయటే ఉంటుంది. ఐ కప్పా-బి అనే మరో మాంసకృత్తే ఆ పలుపు. బాక్టీరియా వచ్చిన కబురు అందగానే కణం ఆ పలుపును ముక్కలు చేస్తుంది. విడివడిన ఎన్.ఎఫ్. కప్పా-బి నిమిషాలలో కేంద్రకంలోకి పోయి, టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌లూకిన్-6 వంటి సంకేతాల జన్యువులను మేల్కొలుపుతుంది. తెల్ల రక్తకణాలు గాయం వద్దకు చేరుకుంటాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. అది మేల్కొలిపే జన్యువులలో ఐ కప్పా-బి జన్యువు కూడా ఒకటి! అంటే, పలుపు తెగిన ఎద్దు తనకు తానే కొత్త పలుపు పేనుకుంటుందన్నమాట. ఆజ్ఞ ఇవ్వడమూ, దానిని ఆపడమూ రెండూ కణానికి తెలుసు.

డెక్సామెథాసోన్ వంటి స్టీరాయిడ్లు ఈ పనిలో జోక్యం చేసుకుంటాయి. కేంద్రకంలో ఆ జన్యువుల అనులేఖనాన్ని అణచివేస్తాయి. అందుకే సూది పడగానే హాయిగా ఉంటుంది. కాని బాక్టీరియా చావలేదు. కాపలాదారు నోరు మాత్రమే మూతపడింది.

ఆ మందు చెడ్డదని నేననడం లేదు. 2020లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షలలో, వెంటిలేటరు మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను అది సుమారు మూడోవంతు తగ్గించింది. వారిలో వాపు అదుపు తప్పింది మరి! ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు చేయలేదు. 2021 మేలో మన రాష్ట్రంలో నల్ల ఫంగస్ పెరిగి, హైదరాబాదులోని కోఠీ ఈ.ఎన్.టి. ఆసుపత్రిని ప్రత్యేక కేంద్రంగా చేయవలసి వచ్చింది. మధుమేహంతో పాటు స్టీరాయిడ్ల విచ్చలవిడి వాడకమూ అందుకు కారణమని వైద్యులు చెప్పారు.

"ఒక్కరోజు పడుకుంటే కూలి పోతుంది కదా సార్!" అంటారేమో. నిజమే. కాని తెలియని సూది చాటున చీము పెరిగితే పోయేది ఒక్కరోజు కూలి కాదు.

కనుక ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని సబ్బుతో కడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం టీకా గురించి అడగండి. ఇంట్లో ఎవరికి సూది వేస్తున్నా సీసా మీది పేరు చదవండి. స్టీరాయిడ్ అయితే డాక్టరు చీటీ ఉండి తీరాలి. డాక్టరు రాసి ఇచ్చిన స్టీరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపనూ కూడదు. బడిలో నేర్చిన అక్షరాలు సీసా మీది పేరు చదవడానికి పనికివస్తే అంతకంటే ఏం కావాలి?