వృద్ధాశ్రమంలో రాత్రి మేల్కొని ఉండేది ఎవరు?

2025 అక్టోబరులో గ్రూప్-2 ఉద్యోగాలకు ఎంపికైనవారికి నియామక పత్రాలు అందజేస్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక ప్రకటన చేశారు. తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోత పెట్టి, ఆ సొమ్మును తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామన్నారు. మెచ్చుకోదగిన మాటే. అయితే అది జీతం వచ్చే పిల్లలున్న తల్లిదండ్రుల గురించిన మాట. ఇల్లు విడిచి ఆశ్రమం గడప తొక్కిన అవ్వల, తాతల సంగతేమిటి? వారిని చూసుకునేవారు ఎందరు? ఆ పని వారికి ఎవరైనా నేర్పారా? రాత్రి రెండు గంటలకు బాత్రూంలో ఒకరు జారిపడితే లేపేదెవరు? ఈ వారం ఈ ప్రశ్నలను మా పాఠకుల ముందు పెడుతున్నాం.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ ప్రశ్నలకు బరువెక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన కొడుకు లేని వాడ కనబడదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో బాయి పని చేసి రిటైరైనవారు, బీడీలు చుట్టీ చుట్టీ నడుము వంగిన తల్లులు, సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య చెవులు పాడైన నేతన్నలు మన ఆరాధనల్లో వెనుక బెంచీల మీద కూర్చుంటున్నారు. 2019లో 2,016 రూపాయలు చేసిన నెల పింఛను మందులకే చాలదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు. 2036 నాటికి ఆ సంఖ్య 23 కోట్లకు చేరువవుతుందని అధికారిక అంచనా. అంటే ఆశ్రమాల అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆశ్రమంలో ఉన్న ప్రతి ఒక్కరినీ పిల్లలు గెంటేశారని అనుకోవడమూ సరికాదు. పిల్లలే లేనివారు, పిల్లలను పోగొట్టుకున్నవారు, పిల్లలు దూరదేశంలో ఉన్నవారు ఎందరో.

చట్టం ఏమంటుందో చూద్దాం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, ఒక్కోదానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు నెలకొల్పవచ్చు. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజన తర్వాత మన రెండు పాత జిల్లాలు ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి: కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. చట్టం లెక్కనే వేసుకుంటే ఈ ఎనిమిదింటికీ కలిపి కనీసం 1,200 మందికి చోటుండాలి. కానీ చట్టంలో ఉన్న మాట 'నెలకొల్పవచ్చు' అనే గాని 'నెలకొల్పాలి' అని కాదు. ఆ ఒక్క మాట సందులోంచే ఎన్నో ఏళ్లు జారిపోయాయి.

2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు వృద్ధుల గౌరవం, ఆరోగ్యం, ఆశ్రయం రాజ్యాంగ హక్కులతో ముడిపడినవేనని చెప్పి, జిల్లాలవారీగా ఆశ్రమాల వివరాలు సేకరించమని కేంద్రాన్ని ఆదేశించింది. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం ఒక సవరణ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టింది. ఎవరు నడిపినా సరే వృద్ధుల సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలనీ, తిండి, వసతి, వైద్యం విషయంలో కనీస ప్రమాణాలు పాటించాలనీ అందులో ఉంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, సంఘం నివేదిక ఇచ్చింది. అయినా ఆమోదం పొందలేదు. 2024లో లోక్‌సభ గడువుతో పాటు అదీ మురిగిపోయింది. మన ఊరిలో హోటల్ పెట్టాలంటే లైసెన్సు చూపాలి. మంచం దిగలేని ముప్పైమందిని ఒక ఇంట్లో పెట్టుకునేవారిని రాత్రికి ఎందరు మనుషులున్నారని గట్టిగా అడిగే కేంద్ర చట్టం మాత్రం ఇంకా రాలేదు.

అడిగేవారు లేకపోతే ఏం జరుగుతుందో మన రాష్ట్రమే చూసింది. 2020 జనవరిలో మేడ్చల్ జిల్లా నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఆశ్రమం నుంచి డెబ్భై మందికి పైగా వృద్ధులను, మానసిక రోగులను రాచకొండ పోలీసులు విడిపించారు. కొందరిని గొలుసులతో కట్టేసి ఉంచారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని గుర్తుంచుకోవాలి. ఆ నిషేధం వెనుక తమిళనాడులోని ఎర్వాడి జ్ఞాపకం ఉంది. 2001 ఆగస్టు 6న అక్కడి పాకలో మంటలు లేచినప్పుడు గొలుసులతో ఉన్న రోగులు కదలలేక 28 మంది కాలిపోయారు. పేదల ఆశ్రమాల్లోనే ఇలా జరుగుతుందని అనుకోవద్దు. 2023 జనవరి 1 తెల్లవారుజామున ఢిల్లీలోని గ్రేటర్ కైలాష్ అనే సంపన్న కాలనీలో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో మంటలు రేగి ఇద్దరు వృద్ధ స్త్రీలు చనిపోయారు. ఆరోగ్యవంతుడు పొగ వాసన రాగానే లేచి పరుగెత్తుతాడు. మంచం పట్టినవారికి ఇంకొకరి చేతులే కాళ్లు. ఆ చేతులు దగ్గర లేకపోతే తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నట్టే.

కాబట్టి సిబ్బంది గురించి అడగడమంటే ఆఫీసు లెక్కలు అడగడం కాదు, ప్రాణాల గురించి అడగడం. కొంచెం లెక్క వేసి చూద్దాం. ఒక ఆశ్రమంలో పగలూ రాత్రీ ఒక్క మనిషైనా డ్యూటీలో ఉండాలంటే వారానికి 168 గంటలు కావాలి. ఒక్కొక్కరు వారానికి 48 గంటలు పనిచేస్తే ముగ్గురున్నర మంది అవసరం. పడిపోయిన మనిషిని ఒక్కరే లేపలేరు గనుక ఎప్పుడూ ఇద్దరుండాలంటే ఏడుగురు కావాలి. ఇందులో వంట, శుభ్రం చేసేవారు లేరు. మంచం పట్టినవారికి పడక పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని నర్సులకు నేర్పుతారు. అలాంటివారు పదిమంది ఉంటే రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నలభై సార్లు తిప్పాలి. ఒక్కోసారికి ఐదు నిమిషాలనుకున్నా మూడు గంటలు దాటుతుంది. రోజంతా వంట చేసి, బట్టలుతికి, రాత్రి వరండాలో చాప పరుచుకున్న ఒక్క ఆయా ఈ పని చేయగలదా? చేయలేకపోతే తప్పు ఆమెది కాదు.

ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణపై వేసిన రాయల్ కమిషన్ 2021లో తుది నివేదిక ఇచ్చాక అక్కడ ఇదే లెక్కను నిబంధనగా మార్చారు. 2023 జూలై నుంచి ప్రతి సంరక్షణ గృహంలో ఇరవై నాలుగు గంటలూ అర్హతగల నర్సు ఉండాలన్నారు. 2024 అక్టోబరు నుంచి సగటున ఒక్కొక్కరికి రోజుకు 215 నిమిషాల సంరక్షణ, అందులో 44 నిమిషాలు నర్సు చేతుల మీదుగా అందాలన్నారు. పాతికమంది ఉన్న ఇంటికి ఇది రోజుకు దాదాపు తొంభై గంటల పని. ఆ ప్రమాణాన్ని రేపే మంచిర్యాలలో పెట్టమని మేము అనడం లేదు. సంరక్షణను కొలవవచ్చనీ, కొలిచినప్పుడే లోటు బయటపడుతుందనీ మాత్రం అంటున్నాం.

కొలవడం విశ్వాసులకు కొత్త కాదు. యెరూషలేము సంఘంలో పరిచర్య గురించి వచ్చిన తొలి ఫిర్యాదు ముసలితల్లుల గురించే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగు పుట్టింది. అపొస్తలులు దాన్ని కొట్టిపారేయలేదు, ప్రార్థన చేసి ఊరుకోనూ లేదు. మంచిపేరు, జ్ఞానం ఉన్న ఏడుగురిని ఆ పనికి నియమించారు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయాన్ని మనం పరిచారకుల అభిషేకాల్లో చదువుతాం. అది సిబ్బంది కొరతను సరిచేసిన అధ్యాయం కూడా. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అరవై ఏళ్లు దాటిన విధవరాండ్ర పేర్లు లెక్కలో చేర్చడం గురించి రాశాడు. అంటే సంఘం దగ్గర రిజిస్టరు ఉంది. ద్వితీయోపదేశకాండము ఇరవై రెండవ అధ్యాయం కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని హెచ్చరిస్తుంది. బాత్రూంలో పట్టుకునే కమ్మీ, మెట్ల పక్కన ర్యాంపు, లోపలివారు తీయగలిగే తలుపు, వంటగది బయట గ్యాస్ సిలిండరు, పనిచేసే మంటలార్పే పరికరం ఈనాటి పిట్టగోడలే. ఆదిలాబాద్ చలికి తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టకుండా చూడడమూ అంతే. ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

క్రైస్తవ సంస్థలు నడిపే ఆశ్రమాలను ఇందులోంచి మినహాయించకూడదు. ముందు వరుసలో నిలబడాల్సింది అవే. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరిచిన ఇసబెల్ కెర్ కరుణతో పాటు వైద్య విద్యనూ వెంట తెచ్చుకుంది. సేవ అన్న పేరు నైపుణ్యానికి బదులు కాదు. 'మాది వ్యాపారం కాదు, ప్రభువు పని' అనే జవాబు రిజిస్టరు చూపకపోవడానికి సాకు కాకూడదు. కొర్బాను అనే మాటతో తల్లిదండ్రుల పట్ల బాధ్యత తప్పించుకున్నవారిని యేసు గద్దించిన సంగతి మనకు తెలుసు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నిబంధనలు బిగిస్తే చిన్న ఆశ్రమాలు మూతపడతాయి, అందులోని వారు బస్టాండు పాలవుతారు అంటారు. ఆ భయం నిజమే. అందుకే ప్రభుత్వం తాళం వేయడంతో మొదలుపెట్టకూడదు. ముందు అన్నిటినీ నమోదు చేయాలి, లోపాలు సరిదిద్దుకోవడానికి గడువూ సాయమూ ఇవ్వాలి, మూయక తప్పకపోతే లోపలివారికి మరో చోటు చూపించాకే మూయాలి. ఆశ్రమం నడిపేవారి వంతు కూడా ఒకటుంది. ఇద్దరు మనుషులతో పదిమందిని చూడగలిగితే పదిమందినే చేర్చుకోవాలి. ఇరవై ఐదవ మంచం వేయడం దయలా కనిపిస్తుంది గాని, ముందున్న ఇరవై నలుగురి సంరక్షణలోంచే అది తీసుకుంటుంది.

సంఘాలు ఏం చేయగలవు? డిసెంబరు రాగానే మన స్త్రీల సమాజాలు, యౌవనస్థులు పండ్లు, దుప్పట్లు పట్టుకుని ఆశ్రమాలకు వెళ్తారు. వెళ్లండి, మానవద్దు. ఈసారి దుప్పటి ఇచ్చాక కొన్ని ప్రశ్నలు కూడా మర్యాదగా అడగండి. రాత్రి మేల్కొని ఉండేది ఎందరు? మందులు ఎవరు ఇస్తున్నారు, ఎక్కడ రాస్తున్నారు? డాక్టరు చివరిసారి ఎప్పుడు వచ్చారు? మంటలు లేస్తే మంచం మీదివారిని ఏ తలుపు నుంచి తెస్తారు? ఆయాలకు జీతం నెలనెలా అందుతుందా? మంచి ఆశ్రమం ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది.

కానుకల తీరు మార్చడం రెండో పని. దుప్పట్లు చాలా చోట్ల గుట్టలు పడి ఉంటాయి, రాత్రి మనిషికి జీతం ఉండదు. నాలుగు సంఘాలు కలిసి ఒక ఆశ్రమంలో ఒక రాత్రి నర్సు జీతాన్ని ఏడాది పొడవునా భరిస్తే, అది ఫొటోలో కనబడని కానుక అవుతుంది. నర్సింగ్ చదివిన మన అమ్మాయిలు, అబ్బాయిలు నెలకొక శనివారం వెళ్లి ఆయాలకు మనిషిని ఎలా లేపాలో, ఎలా తిప్పాలో నేర్పవచ్చు.

వృద్ధులకు అన్యాయం కనబడితే మౌనంగా ఉండకపోవడం మూడో పని. 14567 నంబరుకు ఫోన్ చేస్తే ఎల్డర్ లైన్ పలుకుతుంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. పిల్లల నుంచి పోషణ కోరే తల్లిదండ్రులు ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండానే దరఖాస్తు ఇవ్వవచ్చు. కాపరులు ఈ రెండు విషయాలనూ ఆదివారం ప్రకటనల్లో చెప్పాలని కోరుతున్నాం. మురిగిపోయిన బిల్లును మళ్లీ తెమ్మని మన ఎంపీలను, ఎనిమిది జిల్లాల్లో 1,200 మందికి చోటు చూపమని మన ఎమ్మెల్యేలను అడగాల్సిందీ మనమే.

ఈ రాత్రి కూడా మన జిల్లాల్లో ఏదో ఒక గదిలో ఒక అవ్వ దాహమై పిలుస్తుంది. ఆమెకు పలకడానికి ఒక మనిషి జీతం మీద, శిక్షణతో, మేల్కొని ఉండాలి. అది మన ప్రార్థనల్లోనే కాదు, మన సంఘాల బడ్జెట్లలోనూ కనిపించాలి.